పెట్టె మీది అంకెలు, చేతిలోని మౌస్



పశ్చిమ ఢిల్లీలోని జనక్‌పురిలో తెలుగువారు చాలాకాలంగా ఉంటున్నారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో స్థాపించిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాలల్లో ఒకటి అక్కడే ఉంది. ఆ కాలనీలో చదువుకునే ఒక విద్యార్థి మెట్రో ఎక్కి నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ బజారుకు వెళ్ళాడనుకుందాం. అక్కడ కొన్ని వందల రూపాయలకే మామూలు మౌస్ దొరుకుతుంది. పక్కనే పదివేలు దాటిన తీగలేని గేమింగ్ మౌస్ కూడా ఉంటుంది. దాని పెట్టె మీద పెద్ద పెద్ద అంకెలు ఉంటాయి. పదివేల రూపాయలు ఒక విద్యార్థి కుటుంబానికి చిన్న మొత్తం కాదు. ఆ అంకెల్లో ఏది మన చేతికి అందే లాభం? ఏది అందనిది? పాఠశాలలో నేర్చిన భౌతికశాస్త్రంతోనే దీన్ని తేల్చుకోవచ్చు.

ఉదాహరణకు లాజిటెక్ సంస్థ 2020లో విడుదల చేసిన జి ప్రో ఎక్స్ సూపర్‌లైట్ అనే మౌస్‌ను తీసుకుందాం. సంస్థ ప్రకటించిన వివరాలు ఇవి: బరువు 63 గ్రాముల లోపు, సూక్ష్మత 25,600 డి.పి.ఐ., వేగం సెకనుకు 400 అంగుళాలు, కంప్యూటరుకు సమాచారం సెకనుకు 1000 సార్లు, ఒకసారి ఛార్జి చేస్తే 70 గంటల వరకు పని. వీటిని ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

మౌస్ ఎలా చూస్తుంది?

మౌస్ అడుగున ఒక చిన్న కెమెరా ఉంటుంది. పక్కనున్న దీపం బల్ల ఉపరితలం మీద ఏటవాలుగా కాంతిని ప్రసరింపజేస్తుంది. మన కంటికి నున్నగా కనిపించే బల్ల మీద కూడా సన్నని ఎత్తుపల్లాలు ఉంటాయి. ఆ నీడలను కెమెరా వరుసగా ఫోటోలు తీస్తుంది. ఒక ఫోటోలోని నీడ తరువాతి ఫోటోలో ఎంత జరిగిందో లోపలి చిప్ లెక్కగడుతుంది. 1999లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఇంటెల్లీమౌస్ ఎక్స్‌ప్లోరర్ సెకనుకు 1500 ఫోటోలు తీసేది. నేటి గేమింగ్ సెన్సార్లు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ తీస్తాయి.

ఇక్కడ ఒక నిజమైన లాభం ఉంది. మౌస్‌ను విసురుగా లాగినప్పుడు రెండు వరుస ఫోటోల్లో ఉమ్మడి భాగం మిగలకపోతే చిప్‌కు దారి తెలియదు. కర్సర్ ఎటో గెంతుతుంది. చౌక సెన్సార్లకు ఈ ఇబ్బంది రావచ్చు. సెకనుకు 400 అంగుళాలంటే దాదాపు 10 మీటర్లు. 2009లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లను 9.58 సెకన్లలో పరుగెత్తినప్పుడు అతని సగటు వేగం కూడా దాదాపు అంతే. బల్ల మీద మీ చెయ్యి ఆ వేగాన్ని దాటడం కష్టం. కాబట్టి ఈ విషయంలో ఈ మౌస్ మిమ్మల్ని నిరాశపరచదు.

డి.పి.ఐ. ఎక్కువైతే మేలా?

మౌస్ ఒక అంగుళం కదిలితే ఎన్ని అడుగులుగా లెక్కపెడుతుందో చెప్పేది డి.పి.ఐ. మౌస్‌ను 800 దగ్గర పెట్టి, తెర వెడల్పు 1920 పిక్సెళ్ళు అనుకుంటే, కర్సర్ ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్ళడానికి చెయ్యి 2.4 అంగుళాలు, అంటే సుమారు 6 సెంటీమీటర్లు కదలాలి. అదే 25,600 దగ్గర పెడితే 2 మిల్లీమీటర్ల లోపే చాలు! ఒక్కో అడుగు సుమారు ఒక మైక్రాన్. తలవెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. అంటే మీ చెయ్యి వెంట్రుక మందమంత వణికితే చాలు, కర్సర్ 70 పిక్సెళ్ళు జరిగిపోతుంది. ఇంత పెద్ద అమరికతో గురి పెట్టడం ఎవరికైనా కష్టమే. 800 మీద హాయిగా ఆడేవారికి 25,600 అన్న అంకె వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు.

సెకనుకు ఎన్నిసార్లు?

మామూలు మౌస్ సెకనుకు 125 సార్లు, అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి, తన కదలికను కంప్యూటరుకు చెబుతుంది. 1000 సార్లయితే ఒక మిల్లీసెకనుకు ఒకసారి. ఈ తేడా లెక్కించదగినదే. తరువాత వచ్చిన కొన్ని మోడళ్ళు 8000 సార్లు చెబుతాయి. 1000 నుంచి 8000కు పోతే సగటున మిగిలేది అర మిల్లీసెకను కూడా కాదు. పైగా బ్యాటరీ త్వరగా అయిపోతుంది.

ఇప్పుడు మీ తెరను చూడండి. అది సెకనుకు 60 సార్లు మారే తెర అయితే ఒక్కో చిత్రానికి 16.7 మిల్లీసెకన్లు పడుతుంది. 144 సార్లయితే సుమారు 7 మిల్లీసెకన్లు. కంటితో చూసి వేలు నొక్కడానికి మనిషికి 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. గొలుసులో పొడవైన లింకును వదిలి, పొట్టి లింకును ఇంకా కత్తిరించడానికి డబ్బు పెట్టడం ఎంతవరకు సబబో మీరే ఆలోచించండి.

తీగ లేకపోతే ఆలస్యమా?

చాలామందికి ఈ అనుమానం ఉంటుంది. రేడియో తరంగం ఒక మీటరు దాటడానికి 3.3 నానోసెకన్లు చాలు. కాబట్టి తరంగ ప్రయాణం వల్ల ఆలస్యం రాదు. అసలు చిక్కు రద్దీలో ఉంది. ఈ మౌస్‌లు 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో పనిచేస్తాయి. వై-ఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ పొయ్యి అన్నీ ఆ పట్టీలోనే. జనక్‌పురిలోని డి.డి.ఎ. ఫ్లాట్ల వంటి చోట గోడకు అటూ ఇటూ ఎన్ని వై-ఫై పెట్టెలు ఉంటాయో మీ ఫోనులోని జాబితా చూస్తే తెలుస్తుంది. సంకేతాలు ఢీకొంటే మౌస్ మళ్ళీ పంపాలి. ఆలస్యం అక్కడ వస్తుంది.

మంచి మౌస్‌లు రద్దీ ఉన్న చానెల్‌ను వదిలి ఖాళీ చానెల్‌కు మారుతూ ఉంటాయి. మీరు చేయగలిగింది కూడా ఉంది. రిసీవర్‌ను కంప్యూటరు వెనక గుచ్చకుండా, ఎక్స్‌టెన్షన్ తీగతో మౌస్‌కు జానెడు దూరంలో పెట్టండి. యు.ఎస్.బి. 3.0 పరికరాలు ఇదే పట్టీలో రేడియో రొద పుట్టిస్తాయని ఇంటెల్ 2012లో వివరించింది. కనుక హార్డ్‌డిస్కు పక్కన రిసీవర్ వద్దు.

బరువు తగ్గితే ఎంత లాభం?

న్యూటన్ రెండో నియమం ప్రకారం ద్రవ్యరాశి సగమైతే అదే త్వరణానికి సగం బలం చాలు. మరి 120 గ్రాముల మౌస్ బదులు 60 గ్రాములది వాడితే శ్రమ సగమవుతుందా? కాదు. మౌస్‌తోపాటు మన చెయ్యి కూడా కదులుతుంది కదా! 60 కిలోల మనిషి అరచెయ్యి, వేళ్ళు కలిపి సుమారు 360 గ్రాములు ఉంటాయి. మొత్తం 480 నుంచి 420కి తగ్గుతుంది. అంటే ఎనిమిదో వంతు. ముంజేయి కూడా కదిలితే ఇంకా తక్కువ. గంటల తరబడి ఆడేవారికి ఇది తెలిసే లాభమే. కానీ మౌస్ ఆకారం మీ అరచేతికి కుదరకపోతే ఈ లాభాన్ని మణికట్టు నొప్పి మింగేస్తుంది.

1978 నాటి పాఠం

1964లో అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనకు బిల్ ఇంగ్లిష్ చెక్కపెట్టెతో, రెండు చక్రాలతో రూపమిచ్చాడు. అదే తొలి మౌస్. ఆ బిల్ ఇంగ్లిషే 1978లో స్టువర్ట్ కార్డ్, బెట్టీ బర్‌లతో కలిసి మౌస్‌ను, జాయ్‌స్టిక్‌ను, మీటలను పోల్చి ఒక పరిశోధన ప్రచురించాడు. అందులో మౌస్ అన్నిటికంటే వేగంగా తేలింది. ఇంకో ముఖ్య విషయం కూడా బయటపడింది. లక్ష్యం దూరమైనా, చిన్నదైనా దాన్ని చేరే సమయం పెరుగుతుందని 1954లో పాల్ ఫిట్స్ సూత్రీకరించాడు. మౌస్‌తో పట్టిన సమయం ఈ సూత్రానికి సరిపోయింది. వట్టి చేతితో గురి చూసినప్పటి వేగానికి దగ్గరగా కూడా ఉంది. అంటే ఆనాడే హద్దు పరికరంలో కాక మన కన్ను, మెదడు, కండరాలలో ఉంది. నేటి ఖరీదైన మౌస్ ఆ హద్దును చెరపలేదు. మధ్యలో తాను అడ్డు రాకుండా ఉండగలదు, అంతే.

మీరే పరీక్షించండి

స్నేహితుడి దగ్గర మంచి మౌస్ ఉంటే ఒక సాయంత్రం అడిగి తెచ్చుకోండి. ఈ మూడు ప్రయోగాలకు ఖర్చేమీ లేదు.

1. కంప్యూటరులో కర్సర్ వేగాన్ని నడిమి గీత దగ్గర పెట్టి, వేగానికి తగ్గట్టు కర్సర్ దూరాన్ని పెంచే అమరికను ఆపేయండి. 800 డి.పి.ఐ. వద్ద స్కేలు వెంట మౌస్‌ను 5 సెంటీమీటర్లు జరపండి. కర్సర్ సుమారు 1575 పిక్సెళ్ళు జరగాలి. పదిసార్లు చేసి సగటు తీయండి.

2. తెర మీద దూరదూరంగా రెండు చిన్న వృత్తాలు గీసి, వాటిని మార్చిమార్చి 40 సార్లు నొక్కండి. పట్టిన సమయాన్ని, తప్పులను రాసుకోండి. పాతది, కొత్తది, కొత్తది, పాతది అన్న వరుసలో చేయండి. అభ్యాసం వల్ల, అలసట వల్ల వచ్చే తేడా రెండింటికీ సమంగా పంచబడుతుంది.

3. స్నేహితుడు నాణెం ఎగరవేసి, మీకు చూపకుండా అదే మౌస్‌ను 125 లేదా 1000 దగ్గర పెట్టాలి. ఏదో మీరు చెప్పాలి. ఇలా 20 సార్లు. వట్టి ఊహతో 15 లేదా అంతకంటే ఎక్కువ సరిగ్గా చెప్పే సంభావ్యత నూటికి రెండు మాత్రమే. 15 దాటితే మీకు తేడా నిజంగా తెలుస్తోందని నమ్మవచ్చు. 11 దగ్గర ఆగితే ఆ అంకె కోసం డబ్బు పెట్టనక్కర్లేదు.

2022 డిసెంబరులో భారత ప్రభుత్వం ఇ-స్పోర్ట్స్‌ను బహుళ క్రీడల పోటీల్లో భాగంగా గుర్తించింది. పోటీలకు సాధన చేసేవారికి మంచి మౌస్ అవసరం కావచ్చు. మీకు అవసరమా కాదా అన్నది మీ నోటుపుస్తకంలోని కొలతలు చెబుతాయి. కొనమని ఇంట్లో అడిగేముందు ఆ పుట తెరిచి అమ్మానాన్నలకు చూపించండి.