చెయ్యి పెట్టండి... ఇల్లే సినిమా హాలు!

వేసవి సెలవులు. మిట్టమధ్యాహ్నం రెండు గంటలు. తలుపులూ కిటికీలూ మూసేసి, సందుల్లో గోనెపట్టాలు కుక్కిన మా వెనకగది. గోడకి నాన్నగారి తెల్ల పంచె. నేల మీద పదిహేనుమంది పిల్లలు. టికెట్టు ధర దోసెడు చింతపిక్కలు. ఆపరేటరు సాక్షాత్తూ నేనే!

"ఒరేయ్, బొమ్మ ఎప్పుడేస్తావురా?" అని ఒకటే గోల.

అంతలో పెరట్లోంచి నా స్నేహితుడు చేతి అద్దంతో ఎండని తలుపు సందులోంచి లోపలికి కొట్టేవాడు. అంతే! పంచె మీద నిలువెత్తు హీరో! కదలడు, మాట్లాడడు, పాట పాడడు. అయినా ఈలలే ఈలలు!

ఇది 1990ల చివరి సంగతి. ఆ రోజుల్లో హాలు వెనకాల తెగి పడిన ఫిలిం ముక్కలు ఏరుకోవడం మాకో పెద్ద పని. బడి దగ్గర బడ్డీకొట్లో డబ్బులకీ అమ్మేవారు. ఫైటు ముక్కకి ఒక రేటు, హీరోయిన్ ముక్కకి ఇంకో రేటు! ముప్పై దాటిన మీ అన్నయ్యనో, మావయ్యనో అడగండి... కళ్ళు మెరవకపోతే నన్నడగండి.

ఇంతకీ ఆ ప్రొజెక్టరు ఎక్కడిదంటారా? కొన్నది కాదు, చేసింది.

మాడిన బల్బే లెన్సు

మాడిపోయిన పాతకాలపు బల్బు ఒకటి తీసుకుని, దాని మూతి దగ్గరి నల్లటి బిళ్ళని మేకుతో పొడిచి తీసి, లోపలి తీగల్ని లాగేసి, నిండా తేటనీళ్ళు పోసేవాళ్ళం. అట్టపెట్టెకి చిల్లు పెట్టి బల్బుని అందులో నిలబెడితే అదే లెన్సు. దానికి అంగుళం పైన దూరంలో ఫిలిం ముక్క. దాని వెనకనుంచి అద్దపు వెలుగు. ఫిలిం కాస్త ముందుకీ వెనక్కీ జరిపితే బొమ్మ తేటపడేది. అంచులు మసకే అనుకోండి! ఎవరికి పట్టింది?

మొదటిరోజు హీరోగారు తలకిందులుగా వేళ్ళాడారు. జనం నవ్వారు. నేను బిక్కచచ్చిపోయాను. నా పనితనంలో ఏదో లోపం అనుకున్నాను. లోపం కాదు... లెన్సు లక్షణమే అది. తన గుండా పోయే బొమ్మని తలకిందులు చేసి తెర మీద వేస్తుంది. అసలు హాల్లో ఆపరేటరు కూడా ఫిలింని తలకిందులుగానే ఎక్కించేవాడు. అది తెలిశాక నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది!

ఇంకో వింత. కొన్ని ముక్కల్లో హీరోలు సన్నగా, తాటిచెట్లలా ఉండేవారు. అవి సినిమాస్కోపు ముక్కలు. వెడల్పాటి దృశ్యాన్ని కెమెరా దగ్గరి ప్రత్యేక లెన్సు పక్కలనుంచి నొక్కి ఫిలిం మీద ఇరికిస్తుంది. హాల్లోని లెన్సు దాన్ని మళ్ళీ సాగదీస్తుంది. తెలుగులో మొట్టమొదటి సినిమాస్కోపు చిత్రం 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు' అని మీకు తెలిసే ఉంటుంది. మా బల్బుకి ఆ సాగదీసే విద్య ఎక్కడిది పాపం!

లెక్క చెబితే ఆశ్చర్యపోతారు. 35 ఎం.ఎం. ఫిలింలో అడుగుకి 16 ఫ్రేములు. తెర మీద సెకనుకి 24 ఫ్రేములు పరుగెత్తుతాయి. అంటే పది ఫ్రేముల ముక్క హాల్లో అర సెకను కూడా ఉండదు. ఆ అర సెకనుని మేము అరగంట చూసేవాళ్ళం!

ఇప్పుడు మీ వంతు!

ఇప్పుడు ఆ ఫిలిం లేదు. 2010 తర్వాత కొద్ది ఏళ్ళలోనే మన హాళ్ళన్నీ డిజిటల్ అయిపోయాయి. పాత బల్బులూ కనబడవు. కనబడినా పగలగొట్టకండి, గాజు చెయ్యి కోస్తుంది. సి.ఎఫ్.ఎల్. దీపాల జోలికి అసలే వెళ్ళకండి, వాటిలో పాదరసం ఉంటుంది. అయితే మాత్రం ఏం? బూట్ల అట్టపెట్టె ఉంది, చేతిలో ఫోను ఉంది. పుస్తకాల షాపులో ఒక భూతద్దం కొనండి, చాలు.

పెట్టెకి పొట్టివైపు గోడలో భూతద్దం పట్టేంత గుండ్రటి చిల్లు కొయ్యండి. అద్దాన్ని టేపుతో అంటించండి. లోపల నల్లకాగితం అతికిస్తే వెలుగు చెదరదు. ఫోను నిలబడ్డానికి అట్టముక్కని మడిచి పీటలా చెయ్యండి. ఫోన్‌లో వెలుగు పూర్తిగా పెంచి, తెర దానంతటది తిరిగే ఏర్పాటు ఆపేసి, తలకిందులుగా నిలబెట్టండి. ఎందుకో మీకు తెలుసుగా! మూత పెట్టి, గది చీకటి చేసి, ఫోనుని ముందుకీ వెనక్కీ జరపండి. ఒకచోట బొమ్మ తేటగా గోడెక్కుతుంది.

పెట్టె పొడవు చాలుతుందో లేదో ముందే తెలుసుకోవచ్చు. పగలు భూతద్దాన్ని కిటికీ ఎదుటి గోడకి దగ్గరగా పట్టుకుంటే బయటి చెట్టు బొమ్మ గోడ మీద పడుతుంది. ఆ బొమ్మ తేటపడిన దూరం కంటే పెట్టె కొంచెం పొడవుండాలి, అంతే.

ఒక్క హెచ్చరిక! భూతద్దాన్ని ఎండలో వదిలెయ్యకండి, కాగితం అంటుకుంటుంది. అద్దంతో ఎండని ఎవరి కళ్ళలోకీ కొట్టకండి.

దారం తిప్పితే చిలక పంజరంలోకి!

బొమ్మ కదలాలి కదా అంటారా? శుభలేఖ అట్టని రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దగా గుండ్రంగా కత్తిరించండి. ఒకపక్క చిలక, రెండోపక్క పంజరం గియ్యండి. ఒకదానికొకటి తలకిందులుగా గియ్యాలి సుమా! రెండు అంచులకీ దారాలు కట్టి వేళ్ళతో గిరగిరా తిప్పితే చిలక పంజరంలో కూర్చుంటుంది. ఈ ఆటబొమ్మకి 1825 ప్రాంతంలో లండన్లో జాన్ ఎయిర్టన్ పారిస్ అనే వైద్యుడు ప్రచారం తెచ్చాడు. అప్పటికి సినిమా పుట్టలేదు!

పాత నోటుబుక్కు మూలల్లో బంతి ఎగిరే బొమ్మలు, పేజీకి కాస్త తేడాగా గీసి, బొటనవేలితో సర్రున వదిలితే అదీ సినిమాయే. ఇలాంటి పుస్తకానికి 1868లో ఇంగ్లండులో జాన్ బార్న్స్ లినెట్ పేటెంటు కూడా తీసుకున్నాడు. 24 పేజీలు గీసి చూడండి. అది హాల్లో ఒక్క సెకను! యానిమేషన్ చిత్రం చూసి "ఇంతేనా?" అని మరెప్పుడూ అనరు.

మన దాదాసాహెబ్ ఫాల్కే చేసిందీ ఇలాంటి పనే. 1913లో 'రాజా హరిశ్చంద్ర' విడుదలకి ముందు, 1912లో, కుండీలో బఠాణీ మొక్క పెరగడాన్ని నెల పైగా ఓపికపట్టి ఫ్రేము తర్వాత ఫ్రేముగా చిత్రించి చూపించాడు. ఆ చిన్న చిత్రం చూపించే పెట్టుబడి సంపాదించాడు. భార్య సరస్వతీబాయి ఫిలింకి అంచుల్లో చిల్లులు పెట్టడం నేర్చుకుని, యూనిట్ మొత్తానికీ వంట వండింది. మన సినిమా పుట్టింది ఇంట్లోనే నాయనా!

మీరూ కుండీలో నాలుగు మెంతులు చల్లండి. ఫోనుని రోజూ ఒకే చోట, ఒకే వేళకి పెట్టి ఒక ఫోటో తియ్యండి. 24 రోజులు! ఫోటోల్ని వరసగా పరుగెత్తిస్తే మొక్క మీ ముందే లేచి నిలబడుతుంది.

వంటింట్లో రికార్డింగ్ థియేటరు

జానపద చిత్రాల్లో గుర్రం డెక్కల చప్పుడుంటుందే... ఎండు కొబ్బరి చిప్పలు రెండు బోర్లించి నేలకేసి 'టకటక'లాడించండి. గుర్రం రాకపోతే చూడండి! నాటకాలవాళ్ళకీ రేడియోవాళ్ళకీ ఇది పాత విద్య. తెర మీది కదలికని చూస్తూ శబ్దాలు పుట్టించే ఈ పనిని హాలీవుడ్‌లో జాక్ ఫోలీ పేరుతోనే పిలుస్తారు.

చేటలో గుప్పెడు కందిపప్పు పోసి మెల్లిగా అటూ ఇటూ ఒంచితే వాన. చిప్స్ పొట్లం కాగితాన్ని మైకు దగ్గర నలిపితే చిటపటలాడే మంట. పాత ఎక్స్‌రే ఫిలిం ఒక మూల పట్టుకుని ఊపితే ఉరుము. ఒక్కసారి ఇవి చేసి, తర్వాత హాలుకెళ్ళి కళ్ళు మూసుకుని వినండి. తమాషా తెలుస్తుంది.

దుప్పటి చేసే మాయ

ఫోటోల్లో మొహం సగం నల్లగా వస్తోందా? కిటికీ పక్కన కూర్చోబెట్టి, రెండోపక్క తెల్ల దుప్పటో, టి.వి. పెట్టెలో వచ్చిన థర్మోకోల్ అట్టో పట్టుకోండి. నీడ మెత్తబడుతుంది. చిన్న ఉపాయమే! సత్యజిత్ రాయ్ 'అపరాజితో' (1956)కి స్టూడియోలో కాశీ ఇల్లు సెట్టు వేసినప్పుడు ఛాయాగ్రాహకుడు సుబ్రతా మిత్రా పైన తెల్లగుడ్డ పరిచి, దీపాల వెలుగుని దాని మీదకి కొట్టించి, అచ్చం పగటి వెలుతురు దించేశాడు.

మన 'మాయాబజార్' (1957) సంగతి చెప్పాలా! కాసేపే కనిపించే ద్వారకానగరం కోసం చిన్న చిన్న ఇళ్ళు దాదాపు 300 కట్టి, దీపాలు పెట్టారు. అగ్గిపెట్టెలతో మీరు కట్టే వీధికీ దానికీ తేడా కొలతల్లోనే... ఊహలో కాదు.

ఆ రోజు ఏమైందంటే...

చింతపిక్కల టికెట్టు ఆటకి ఒక రోజు పెద్ద ఆటంకం వచ్చింది. ఆట మధ్యలో నాన్నగారు ఊరినుంచి దిగారు. గోడకి వేళ్ళాడుతోంది ఆయన పండగ పంచె! దాని నిండా మా చేతి మురికి. పిల్లలు పిట్టల్లా ఎగిరిపోయారు. అద్దం పట్టేవాడు అద్దం వదిలి గోడ దూకాడు. నాకు కాళ్ళు వణికాయి.

నాన్నగారు పంచె చూశారు, బల్బు చూశారు, నన్ను చూశారు. మాట్లాడకుండా పెరట్లోకి వెళ్ళారు. బెత్తం కోసమే అనుకున్నాను. మరునిమిషంలో పంచె మీద వెలుగు పడింది... ఏమాత్రం వణక్కుండా! అద్దం పట్టుకుని ఎండలో ఆయనే కూర్చున్నారు. "ఊఁ, ఎవరి బొమ్మరా?" అన్నారు.

మొన్న వేసవిలో మా అక్కయ్య కొడుకు నాతో కలిసి బూట్ల పెట్టె ప్రొజెక్టరు చేశాడు. చిల్లు వంకరగా పోయింది, రెండు పెట్టెలు పాడయ్యాయి. మూడోదానితో రాత్రి ఆట. తాతయ్యకి ముందు కుర్చీ.

"ఫోన్లోనే చూడొచ్చు కదరా, ఇంత శ్రమ దేనికి?" అన్నారు నాన్నగారు, కావాలనే.

"అది కొన్నది తాతయ్యా, ఇది నేను చేసింది!" అన్నాడు వాడు.

ఆయనేమీ అనలేదు. కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకున్నారు.

ఈ ఆదివారం మీ ఇంట్లో ఏ బొమ్మ వేస్తున్నారు మరి?