గొట్టం దొరికింది... వజ్రమేదీ?

కృష్ణానదికి అటూ ఇటూ వజ్రాల్ని మోసుకొచ్చే రాయి ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు ఎప్పుడో తేల్చారు. వజ్రం మాత్రం కంటపడలేదు. అయినా వెతుకులాట ఆగలేదు. ఎందుకని?

వేసవి. వాగులో చుక్క నీరుండదు. ఇసుక మేటల మధ్య ఇద్దరు ముగ్గురు మనుషులు వంగి ఏదో తోడుతుంటారు. ఒకరి చేతిలో పార. ఇంకొకరి దగ్గర జల్లెడ. పక్కన అంకెలు రాసిన గుడ్డసంచులు. బోరు వేయడానికి చోటు చూస్తున్నారేమో అనుకుంటాడు గొర్రెలు తోలుకెళ్లే ఆసామి. ఇసుక కాంట్రాక్టరు మనుషులేమో అనుకుంటాడు పక్క చేను రైతు. రెండూ కాదు! వాళ్లు వెతికేది ఆవగింజంత ఎర్ర రవ్వ కోసం. అది వజ్రం కాదు. వజ్రం ఎక్కడుందో చాడీ చెప్పే రవ్వ.

అమరచింత పేరు చెబితే పట్టుచీరల మగ్గాలూ, పాత సంస్థానమూ, దగ్గర్లోని జూరాల ప్రాజెక్టూ గుర్తొస్తాయి. భూగర్భ శాస్త్రవేత్తలకు గుర్తొచ్చేవి వేరు. ఊరికి వాయవ్యంగా మక్తల్ దాటి వెళ్తే నారాయణపేట, కోటకొండ, మద్దూరు. దక్షిణాన కృష్ణ దాటితే గద్వాల నడిగడ్డ. ఈ రెండువైపులా నేలలో కింబర్లైట్ గొట్టాలున్నాయి. నారాయణపేట వైపువి 1980ల్లో బయటపడ్డాయి. గద్వాల ప్రాంతంలోని సిద్దనపల్లి దగ్గరి గొట్టాల సంగతి 2000 తర్వాతి తొలి ఏళ్లలో లోకానికి తెలిసింది. వీటిని కనిపెట్టడంలో పెద్ద పాత్ర భారత భూగర్భ సర్వేక్షణ సంస్థది. 1851లో బొగ్గు కోసం మొదలైన సంస్థ అది.

కింబర్లైట్ అంటే వజ్రాల బండి అనుకోవచ్చు. వజ్రం పుట్టేది దాదాపు 150 కిలోమీటర్ల లోతున. అక్కడి ఒత్తిడికి కర్బనమే వజ్రమవుతుంది. దాన్ని అక్కణ్నుంచి పైకి తెచ్చే దారి ఒక్కటే. అంతకంటే లోతున పుట్టిన శిలాద్రవం నేలను చీల్చుకుంటూ విసురుగా పైకి తన్నుకు రావాలి. వచ్చి, గడ్డకట్టి, క్యారెట్ ఆకారపు గొట్టంలా మిగిలిపోతుంది. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ పట్టణం పేరే దీనికి పెట్టారు. పాలమూరు గడ్డ మీది గొట్టాల వయసు సుమారు 110 కోట్ల ఏళ్లు! అప్పటికి భూమ్మీద చెట్టూ లేదు, చేపా లేదు.

ఇంత పాతది పైకి కనపడుతుందా అంటే, చాలాచోట్ల కనపడదు. చుట్టూ ఉన్న గ్రానైటు గట్టిది, గుండ్లు గుండ్లుగా నిలబడుతుంది. కింబర్లైట్ మెత్తన. ఎండకూ వానకూ కరిగి పసుపూ ఆకుపచ్చా కలిసిన మట్టిగా మారిపోతుంది. దాని మీద సున్నపు గడ్డలు పేరుకుంటాయి. ఆ పైన రైతు కంది వేస్తాడు, ఆముదం వేస్తాడు. కొన్ని పదుల మీటర్ల వెడల్పుండే గొట్టం చేను కింద ఉన్నా సాగు చేసేవాడికి ఆ సంగతే తెలీదు.

రవ్వ చెప్పే రహస్యం

అందుకే ముందు వాగును అడుగుతారు. గొట్టం కరిగినప్పుడు అందులోని గింజలు వానకు కొట్టుకుపోయి వాగుల్లో చేరతాయి. ముదురు ఎరుపు గార్నెట్, పచ్చటి క్రోమ్ డయాప్సైడ్, నల్లటి ఇల్మెనైట్. మూడూ మామూలు ఇసుక కన్నా బరువు. వాగు మలుపు తిరిగేచోటా, పెద్దరాయి అడ్డొచ్చి నీటి వేగం తగ్గేచోటా అడుగున చేరతాయి. అక్కడి ఇసుకను జల్లించి, నీటిలో కడిగి, బరువైన గింజల్ని మిగుల్చుకుంటారు. ఆపైన భూతద్దాల కింద పెట్టి ఏరుతారు. బియ్యంలో రాళ్లేరడం లాంటి పనే. కాకపోతే కిలోలకొద్దీ ఇసుకకు ఒకటో రెండో దొరికితే గొప్ప! గింజలు ఎక్కువ దొరికినవైపు వాగుకు ఎదురు నడుస్తారు. ఒకచోట ఉన్నట్టుండి గింజలు ఆగిపోతాయి. అంటే గొట్టాన్ని దాటొచ్చేశారన్నమాట.

సైబీరియాలో 1954లో లరీసా పొపుగయెవా అనే యువ శాస్త్రవేత్త చేసిందీ ఇదే. ఎర్ర గార్నెట్ల జాడ పట్టుకుని వెళ్లి సోవియట్ దేశపు తొలి కింబర్లైట్ గొట్టాన్ని పట్టుకుంది. బోట్సువానాలో ఇసుక మందంగా కప్పేసినచోట చెదలు సాయం చేశాయి. తడి కోసం లోతుకు వెళ్లే చెదలు కిందిమట్టిని పైకి తెచ్చి పుట్ట పెడతాయి కదా... ఆ మట్టిలో గింజలు దొరికాయి!

వాగు వీధిదాకా తీసుకొస్తుంది. ఇల్లు చూపించేది భూభౌతిక పరికరాలు. కింబర్లైట్‌లో అయస్కాంత ఖనిజం ఉంటుంది కాబట్టి చుట్టూ ఉన్న గ్రానైటుకూ దీనికీ తేడాను మాగ్నెటోమీటర్ పడుతుంది. దాన్ని పట్టుకుని చేలమీదుగా తాడు కట్టినట్టు వరసల్లో నడుస్తారు. పెద్ద విస్తీర్ణమైతే విమానానికో హెలికాప్టర్‌కో కడతారు. చిక్కెక్కడంటే, పాలమూరులో నల్లరాతి అడ్డుగోడల్లాంటి డోలరైట్ డైకులు కోకొల్లలు. నల్ల గ్రానైటంటూ పాలిష్ చేసి అమ్మేది ఇలాంటి రాయినే. అయస్కాంతానికి అవీ పలుకుతాయి. అందుకే భూమిలోకి కరెంటు పంపి ఎంత సులువుగా పారుతుందో కూడా కొలుస్తారు. మట్టిగా మారిన కింబర్లైట్‌లో అది తేలిగ్గా పారుతుంది, గట్టి డైకులో పారదు. రెండు పరీక్షలూ ఒకేచోట ఔనంటేనే డ్రిల్లింగ్ యంత్రం వస్తుంది.

నారాయణపేట వైపు ఇలా ముప్ఫైకి పైగా గొట్టాలు తేలాయి. అంత కష్టపడ్డాక... వజ్రాల్లేవు! అనంతపురం జిల్లా వజ్రకరూరు గొట్టాల్లో చాలావాటిలో వజ్రాలున్నాయి. అదే వయసు, అదే రాయి, ఇక్కడ మాత్రం ఖాళీ. ఈ ప్రాంతం కింద భూమి వేరు తగినంత మందంగా లేదేమోనని ఒక వాదన. పైకొచ్చే దారిలోనే వజ్రం కరిగి పోయుంటుందని ఇంకొకటి. ప్రపంచంలో ఎక్కడైనా వంద గొట్టాల్లో గని తవ్వడానికి పనికొచ్చేవి ఒకటీ రెండే కాబట్టి ఇది వింతేం కాదు. కానీ కంపెనీ దృష్టిలో ఇది నష్టం, శాస్త్రవేత్త దృష్టిలో లెక్క తేలిన ఒక గడి.

ఆ గడి ఎందుకు ముఖ్యమో తెలియాలంటే కృష్ణ వెంట కిందికి వెళ్లాలి. గోల్కొండ వజ్రాలుగా లోకమంతా పొగిడినవి గోల్కొండలో దొరకలేదు. ఎక్కువభాగం కృష్ణ ఒడ్డునున్న కొల్లూరు లాంటి చోట్ల, నది ఏనాడో పరిచిన కంకరలో దొరికాయి. కోహినూరూ కొల్లూరుదేనని నమ్మిక. ఇప్పుడు ఆ ఊరు పులిచింతల నీళ్ల కింద ఉంది. నది వజ్రాల్ని ఏ గొట్టం నుంచి తెచ్చింది? ఆ తల్లిరాయి ఏదో ఇప్పటికీ తేలలేదు. నదికి ఎగువనున్న గొట్టాల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ రావడం అందుకే.

ఇక ఊళ్లవాళ్ల సంగతి. పరికరాలు పట్టుకుని వచ్చినవాళ్లు చేలో అడుగుపెడితే రైతుకు ముందొచ్చే సందేహం వజ్రం గురించి కాదు. భూమి పోతుందా అని. ఆ భయం ఊరికే పుట్టిందీ కాదు. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు 2019లో కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. వెతకడమే కదా, తవ్వడం కాదు కదా అన్నది అధికారుల మాట. దొరికాక తవ్వకుండా ఊరుకుంటారా అన్నది చెంచుల మాట. నల్లమల ఊళ్లన్నీ కదిలాయి. ఆ సెప్టెంబరులో యురేనియం తవ్వకాలు వద్దంటూ తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది.

చెంచుల ప్రశ్నను తేలిగ్గా తీసేయలేం. అన్వేషణకూ గనికీ మధ్య చట్టంలో దూరం ఉంది. కానీ ఆ దూరాన్ని ఊళ్లో కూర్చుని వివరించిన వాళ్లు అరుదు. సర్వే నివేదికలు, పటాలు ఇప్పుడు భూకోశ్ అనే వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. అన్నీ ఇంగ్లీషులో, శాస్త్రం చదివినవాళ్లకే అర్థమయ్యే మాటల్లో ఉంటాయి. మీ చేను కింద గొట్టం ఉంది, వజ్రాల్లేవు, మీ భూమికి ఏమీ కాదు అన్న మూడు ముక్కలు తెలుగులో రాసి పంచాయతీ గోడకు అంటిస్తే ఎంత ఖర్చవుతుంది?

గనుల చట్టాన్ని 2023లో సవరించారు. వజ్రం, బంగారం లాంటి లోతు ఖనిజాల్ని వెతకడానికే ప్రైవేటు సంస్థలకు ప్రత్యేకంగా లైసెన్సు ఇవ్వొచ్చని చేర్చారు. గద్వాల ప్రాంతంలో కింబర్లైట్ ఒక్కటే కాదు, బంగారానికి ఆనవాలుగా చెప్పే షిస్టు రాతిపట్టీ కూడా ఉంది. పొరుగున రాయచూరు జిల్లాలోని హట్టిలో బంగారు గని నడుస్తున్నది అలాంటి పట్టీలోనే.

లైసెన్సు ఎవరికొచ్చినా, విమానాలెన్ని ఎగిరినా, మొదటి పని మాత్రం మారదు. ఎండిన వాగులో దిగాలి, ఇసుక జల్లించాలి, సంచికి అంకె వేయాలి. గొర్రెల కాపరి గట్టు మీద నిలబడి ఏం దొరికిందని అడుగుతాడు. ఇంకా చూడాలి అంటారు వాళ్లు. సంచి హైదరాబాద్ బండెక్కుతుంది.