కోత, కుట్టు లేని ఆపరేషన్

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారు కాగా, భర్త చేయించుకున్న జంటలు నూటికి ఒకటైనా లేవు. పొట్టను తెరిచి స్త్రీలకు చేసే ట్యూబెక్టమీ కన్నా మగవారికి చేసే వేసక్టమీ తేలికైనదే అయినా ఇంత తేడా ఉండటానికి ఎమర్జెన్సీ నాటి బలవంతపు ఆపరేషన్లు మిగిల్చిన భయం ఒక కారణమైతే, మగవాడికి సత్తువ పోతుందన్న నమ్మకం మరొకటి. ఆపరేషన్ తర్వాత మళ్లీ నాట్లకూ కలుపుతీతకూ వెళ్లే ఆడవారి సత్తువ గురించి మాత్రం ఈ బెంగ అంతగా వినిపించదు.

నిజానికి వృషణాలు రెండు పదార్థాలను రెండు దారుల్లో పంపుతాయి. కోరికకూ కండపుష్టికీ తోడ్పడే టెస్టోస్టెరాన్ అనే హార్మోను నేరుగా రక్తంలో కలిసిపోగా, శుక్రకణాలు మాత్రం శుక్రవాహిక అనే సన్నని గొట్టం గుండా పైకి సాగుతాయి. వేసక్టమీలో మూసేది ఈ రెండో దారిని మాత్రమే. వీర్యంలో అధిక భాగం ఆ మూతకు అవతల ఉన్న శుక్రాశయాలూ ప్రోస్టేట్ గ్రంథీ స్రవించే ద్రవమే గనుక స్ఖలనంలో కంటికి తెలిసే తేడా ఉండదు. దారి మూసుకుపోయిన శుక్రకణాలు లోపలే విచ్ఛిన్నమై శరీరంలో ఇంకిపోతాయి.

1974లో చైనా వైద్యుడు లీ షున్‌చియాంగ్ రూపొందించిన ‘కోత, కుట్టు లేని’ పద్ధతిలో, ఆపరేషన్ చేసేచోట మాత్రమే మత్తు ఇచ్చి, చర్మం కింద పురికొసలా వేళ్లకు తగిలే శుక్రవాహికను పట్టకారుతో బిగించి, మొనదేలిన మరో పట్టకారుతో చర్మానికి చిన్న రంధ్రం చేసి, ఆ వాహికను బయటికి లాగి కత్తిరించి కడతారు. ఇరవై నిమిషాల పని. కొందరికి వాపు, కమిలిన నొప్పి కొద్దిరోజులుంటాయి; అరుదుగా నొప్పి దీర్ఘకాలం వేధిస్తుంది. తిరిగి అతికించే శస్త్రచికిత్స ఉన్నా ఫలితం ఖాయం కాదు, సుఖవ్యాధుల నుంచి వేసక్టమీ వల్ల రక్షణా లేదు.

అసలు పొరపాటు ఇంటికొచ్చాక జరుగుతుంది. మూతకు పైన అప్పటికే చేరిన శుక్రకణాలు వెలుపలికి పోవడానికి సుమారు మూడు నెలలు పడుతుంది గనుక, అంతవరకు కండోమ్ వాడి, ఆపై వీర్యపరీక్షలో శుక్రకణాలు లేవని తేలాకే ఆపరేషన్ ఫలించినట్లు లెక్క. ఆ పరీక్షను భర్త ఎగవేశాక భార్య నెల తప్పితే, వేలెత్తి చూపేది ఆమె శీలం వైపే.