బ్రిటిష్ క్లాసిక్ స్పోర్ట్స్ కార్లు - అసలుతనం, విలువ

ఒక పాత కారు కర్మాగారం నుండి వెలువడిన నాటి భాగాలను, రూపాన్ని, గుర్తింపును ఎంతవరకు నిలుపుకొన్నదో తెలిపే లక్షణాన్ని 'అసలుతనం' అంటారు. జాగ్వార్, బెంట్లీ, ఆస్టన్ మార్టిన్, ఆస్టిన్-హీలీ, ఎం.జి., ట్రయంఫ్, లోటస్ వంటి బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల ధరను నిర్ణయించే ముఖ్యాంశాలలో ఇది ఒకటి. అయితే దీని ప్రభావం అన్ని కార్లపైన ఒకే విధంగా ఉండదు. కారు ఎంత అరుదైనదైతే, దాని చరిత్ర ఎంత ఘనమైనదైతే, అసలుతనానికి అంత విలువ ఏర్పడుతుంది.

అసలుతనం తగ్గడానికి కారణాలు

బ్రిటన్‌లో శీతాకాలంలో రోడ్లపై మంచు పేరుకోకుండా ఉప్పు చల్లుతారు. అందువలన అక్కడ నడిచిన కార్ల ఉక్కు రేకులు త్వరగా తుప్పు పడతాయి. కాలక్రమంలో నేల రేకులు, తలుపులు, కొన్నిసార్లు ఛాసిస్ కూడా మార్చవలసి వస్తుంది. పందెపు కార్లలో ఇంజను, గేర్‌బాక్సు మార్చడం పరిపాటి. ప్రమాదం జరిగితే బాడీ మొత్తం మారిపోయేది. ఆనాటి జట్లకు గెలుపే ప్రధానం గాని, భాగాలను భద్రపరచడం కాదు. ఈ కారణంగా ఘనమైన చరిత్ర గల కార్లలోనే అసలు భాగాలు తక్కువగా మిగిలి ఉండటం కద్దు.

సంఖ్యలు, పత్రాలు

కారు గుర్తింపునకు మొదటి ఆధారం దానిపై ముద్రించిన సంఖ్యలు. ఉదాహరణకు జాగ్వార్ ఇ-టైప్ (1961-1974) కారులో ఛాసిస్, ఇంజను, బాడీ, గేర్‌బాక్సు సంఖ్యలను ఒకే లోహపు పలకపై చెక్కి ఉంచేవారు. ఆయా భాగాలపై ఉన్న సంఖ్యలు ఈ పలకతో సరిపోలితే ఆ కారుకు ఎక్కువ ధర పలుకుతుంది. కర్మాగారపు దస్త్రాల ఆధారంగా వారసత్వ సంస్థలు ధ్రువపత్రాలు ఇస్తాయి. తయారైన తేదీ, మొదటి రంగు, ఎక్కడికి పంపినదీ వాటిలో ఉంటాయి. అయితే ఈ పత్రం కారు ఎలా తయారైనదో మాత్రమే చెబుతుంది. ఇప్పుడు ఎదుట ఉన్న కారులో ఆ భాగాలే ఉన్నాయని హామీ ఇవ్వదు. అందుకే పాత ఫొటోలు, మరమ్మతు బిల్లులు, యజమానుల వరుస కూడా విలువైన ఆధారాలే.

పునరుద్ధరణ

పూర్తి పునరుద్ధరణ వలన కారు కొత్తదానివలె కనిపిస్తుంది. కాని మొదటి రంగు, సీట్ల తోలు, పనివారి గుర్తులు ఒకసారి పోతే తిరిగి రావు. వాటితో పాటు కారు ఎలా తయారైనదో తెలిపే సాక్ష్యం కూడా పోతుంది. ఈ ఎరుక పెరగడం వలన, కొంత వెలిసిపోయినా చెక్కుచెదరని కార్లకు, మెరిసేలా తిరిగి చేసిన కార్లకన్నా ఎక్కువ ధర రావడం కూడా జరుగుతున్నది.

'ఓల్డ్ నంబర్ వన్' వివాదం

ఈ విషయంలో ప్రసిద్ధి చెందిన వ్యాజ్యం బెంట్లీ స్పీడ్ సిక్స్ కారు 'ఓల్డ్ నంబర్ వన్'కు సంబంధించినది. ఈ కారు 1929, 1930 సంవత్సరాలలో లె మాన్ 24 గంటల పందెం గెలిచినది. 1932లో దీనికి 8 లీటర్ల ఇంజను అమర్చారు. అదే సంవత్సరం బ్రూక్‌లాండ్స్ పందెంలో జరిగిన ప్రమాదంలో దీనిని నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ మరణించాడు. తరువాత కారును మళ్ళీ నిర్మించారు.

1990లో కోటి పౌండ్ల విలువకు దీని అమ్మకం ఖాయమైనది. అయితే ఇది నిజమైన ఓల్డ్ నంబర్ వన్ కాదంటూ కొనుగోలుదారు వెనుకకు తగ్గడంతో యజమాని లండన్‌లోని హైకోర్టును ఆశ్రయించాడు. 1929 నాటి భాగాలు దాదాపు ఏవీ మిగలలేదని న్యాయమూర్తి ఆటన్ గుర్తించాడు. అయినా కారు ఏనాడూ అదృశ్యమై మళ్ళీ పుట్టలేదని, మార్పులు చెందుతూనే దాని చరిత్ర ఎడతెగక సాగినదని, కనుక ఇది నిజమైన ఓల్డ్ నంబర్ వన్ అని తీర్పు చెప్పాడు. 'అసలు భాగాలు కలిగి ఉండటం', 'నిజమైన కారు అయి ఉండటం' అనేవి వేరువేరు విషయాలని ఈ తీర్పు స్పష్టం చేసినది.

అరుదైన కార్లు

ఈ రెండు లక్షణాలూ ఒకే కారులో కలిసినప్పుడు ధర చాలా పెరుగుతుంది. 1956లో లె మాన్ గెలిచిన జాగ్వార్ డి-టైప్, ఎక్స్‌కెడి 501, తన అసలు రూపాన్ని బాగా నిలుపుకొన్న కారు. 2016 ఆగస్టులో ఇది 2.178 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయి, వేలంలో బ్రిటిష్ కార్లకు అప్పటికి అత్యధిక ధరగా నమోదైనది.

తయారీదారు స్వయంగా మళ్ళీ చేసినా తేడా పోదు. జాగ్వార్ సంస్థ లైట్‌వెయిట్ ఇ-టైప్ కార్లు 18 చేయదలచి, 1963-64లో 12 మాత్రమే చేసినది. మిగిలిన ఆరింటిని నిర్మిస్తామని 2014లో ప్రకటించినది. ఒక్కొక్కదాని ధర పది లక్షల పౌండ్లకు పైగా ఉంటుందని వార్తలు వచ్చాయి. 1963 నాటి ఒక లైట్‌వెయిట్ కారు 2017లో 73.7 లక్షల డాలర్లకు వేలంలో అమ్ముడుపోయినది.

సాధారణ కార్లు

1962-1980 మధ్య ఐదు లక్షలకు పైగా తయారైన ఎం.జి.బి. విషయం వేరు. దీనికి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988 నుండి కొత్త బాడీలను తయారుచేసి అమ్ముతున్నది. తుప్పు పట్టిన అసలు బాడీకన్నా చక్కగా అమర్చిన కొత్త బాడీనే కొనేవారు మెచ్చుకొంటారు. అమెరికా భద్రతా నిబంధనల కారణంగా 1974లో ఈ కారుకు నల్ల బంపర్లు వచ్చాయి. చాలామంది యజమానులు వాటిని తీసి, పూర్వపు క్రోమ్ బంపర్లు అమర్చుకొన్నారు. అసలు రూపం మారినా ఇటువంటి కారుకు విలువ తగ్గకపోవచ్చు. ఐదు వేగాల గేర్‌బాక్సు వంటి మార్పుల విషయంలో, తొలగించిన పాత భాగాలను దాచి ఉంచడం మంచిది. తరువాతి యజమాని కోరుకొంటే కారును మొదటి స్థితికి తేవచ్చు.