కొత్త సర్వీసు పనికి ఆన్‌లైన్‌లో ఏది ముందు? గూగుల్, వాట్సాప్, వెబ్‌సైట్‌లలో దేనికి ఎప్పుడు ఖర్చు పెట్టాలి

ఏసీ రిపేర్, వైరింగ్, మెహందీ, టైలరింగ్, దావత్‌లకు వంట, పిల్లలకు ట్యూషన్.. ఇలాంటి పని కొత్తగా మొదలుపెట్టగానే బంధువుల్లో ఒకరు "వెబ్‌సైట్ పెట్టించు" అంటారు. ఇంకొకరు "ఇన్‌స్టాగ్రామ్ చాలు" అంటారు. ఇంతలో ఎవరో ఏజెంట్ ఫోన్ చేసి వేల రూపాయల ప్యాకేజీ చెబుతాడు. చాలా ఇళ్లలో అది పనిముట్లకో, సెకండ్ హ్యాండ్ బండికో దాచుకున్న డబ్బు. దాన్ని తప్పు చోట పెడితే పని నిలదొక్కుకోకముందే చెయ్యి ఖాళీ అవుతుంది.

నిజానికి మొదటి అడుగుకు పెద్ద ఖర్చేమీ లేదు. కస్టమర్ ఎక్కడ వెతుకుతాడో ఆ చోట కనిపించడం, ఆ ఖాతాల తాళాలు మన చేతిలోనే ఉంచుకోవడం, ఈ రెండే ముఖ్యం.

కస్టమర్ ఎలా వెతుకుతాడు?

సర్వీసు పనులు మూడు రకాలు. మొదటిది అర్జెంటు పని. ఏసీ ఆగిపోయింది, పైపు పగిలింది. ఆ ఇంటివాళ్లు ఫోన్ తీసి "దగ్గరలో ఏసీ మెకానిక్" అని వెతుకుతారు. పైన కనిపించిన రెండు మూడు నంబర్లకు కాల్ చేస్తారు. వాళ్లకు వెబ్‌సైట్ చదివే ఓపిక ఉండదు.

రెండోది కంటితో చూసి ఒప్పుకునే పని. మెహందీ, బ్రైడల్ మేకప్, డ్రెస్ డిజైనింగ్, స్టేజి డెకరేషన్ ఇందులోకి వస్తాయి. ఇక్కడ మాటల కంటే ఫోటోలు ఎక్కువ పనిచేస్తాయి.

మూడోది నమ్మకం మీద నడిచే పెద్ద పని. షాదీ కేటరింగ్, ఇల్లు కట్టే కాంట్రాక్టు, అకౌంట్లు, ట్యూషన్ లాంటివి. ముందు తెలిసినవాళ్లను అడుగుతారు, తర్వాత ఆ పేరు ఆన్‌లైన్‌లో కొట్టి చూస్తారు. వెబ్‌సైట్ అసలు అక్కరకు వచ్చేది ఇక్కడే.

గూగుల్ ప్రొఫైల్: అందరికీ మొదటి మెట్టు

మ్యాప్స్‌లో దుకాణం పేరు, నంబరు, టైమింగ్స్ కనిపించేది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ వల్ల. ఇది పూర్తిగా ఉచితం. "మీ లిస్టింగ్ ఆగిపోతుంది, డబ్బు కట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే అది మోసమే. ప్రొఫైల్ ఉంచడానికి గూగుల్ డబ్బు అడగదు.

ఇంటి నుంచి పని చేసే మహిళలకు ఉండే పెద్ద భయం అడ్రస్. దానికి దారి ఉంది. కస్టమర్ ఇంటికి వెళ్లి చేసే పనైతే అడ్రస్ దాచిపెట్టి, సర్వీసు ఇచ్చే ప్రాంతాలు మాత్రమే చూపించవచ్చు. టోలిచౌకి, మెహదీపట్నం, అత్తాపూర్ అని ఇలా 20 ప్రాంతాల దాకా పెట్టుకోవచ్చు. వెరిఫికేషన్ కోసం గూగుల్ తరచుగా వీడియో అడుగుతుంది. అందులో పనిముట్లు, బోర్డు లాంటివి చూపించాలి. ఆ వీడియో బయటివాళ్లకు కనబడదు.

పేరు బోర్డు మీద ఉన్నట్టే రాయాలి. పేరు పక్కన "బెస్ట్, చీపెస్ట్, నంబర్ వన్" అని తగిలిస్తే ప్రొఫైల్ ఆపేసే అవకాశం ఉంది. జుమా రోజు మధ్యాహ్నం మూసే సమయం, రంజాన్‌లో మారే వేళలు ఎప్పటికప్పుడు సరిచేయాలి. "ఓపెన్" అని చూసి వచ్చిన మనిషి తాళం చూసి తిరిగి వెళ్తే మళ్లీ రాడు.

వాట్సాప్ బిజినెస్: వచ్చిన కస్టమర్‌ను నిలబెట్టుకోవడానికి

2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్ కూడా ఉచితమే. రేట్లు, ఫోటోలతో కేటలాగ్ పెట్టుకోవచ్చు. పనిలో ఉన్నప్పుడు "సాయంత్రం 6 తర్వాత కాల్ చేస్తాం" అని దానంతట అదే జవాబు వెళ్లేలా చేయొచ్చు. "అడ్వాన్స్ ఇచ్చినవారు", "బాకీ ఉన్నవారు" అని లేబుళ్లు పెట్టుకోవచ్చు.

దీనికి వేరే నంబరు తీసుకోవడం మంచిది. ఒకే నంబరు మామూలు వాట్సాప్‌లో, బిజినెస్ యాప్‌లో ఒకేసారి నడవదు. ఇంటి ఆడవాళ్ల సొంత నంబరు, డీపీ కొత్తవాళ్ల చేతికి వెళ్లకుండా కూడా ఉంటుంది.

కానీ నంబరు తెలిసినవాడే ఇక్కడికి వస్తాడు. కొత్తవాళ్లను తెచ్చేది గూగుల్, వచ్చినవాళ్లతో మాట నడిపేది వాట్సాప్. అందుకే రెండూ కలిసి ఉండాలి.

ఇన్‌స్టాగ్రామ్: అనుమతి అడిగాకే ఫోటో

మెహందీ, డెకరేషన్, బేకింగ్ పనులకు ఇన్‌స్టాగ్రామ్ బాగా కలిసొస్తుంది. అయితే పెళ్లికూతురు ముఖమే కాదు, చేతుల ఫోటో పెట్టాలన్నా ఇంటివాళ్లను అడగాలి. ఒక్క ఫోటో వల్ల మాట పోతే ఆ ఖాందాన్ మొత్తం దూరమవుతుంది. "పెట్టుకోవచ్చు" అన్న మాట వాట్సాప్‌లో రాయించుకుంటే తర్వాత గొడవ ఉండదు.

మొత్తం వ్యాపారం ఒకే యాప్ మీద నిలబెట్టడం కూడా ప్రమాదమే. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను కేంద్రం నిషేధించినప్పుడు ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న ఫాలోవర్లు ఒక్క రోజులో చేజారారు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. అందుకే కస్టమర్ల పేర్లు, నంబర్లు ఒక నోట్‌బుక్‌లో కూడా రాసి ఉంచుకోవాలి.

సొంత వెబ్‌సైట్ ఎప్పుడు?

గూగుల్ ప్రొఫైల్‌తో పాటు ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లను 2024 మార్చిలో గూగులే మూసేసింది. ఇంకొకరి జాగాలో వేసుకున్న డేరా ఎప్పుడైనా ఎత్తాల్సి రావచ్చు. ఆన్‌లైన్‌లో సొంతం అని చెప్పుకోగలిగేది మన పేరు మీద ఉన్న డొమైన్, అంటే వెబ్ అడ్రస్. 'డాట్ ఇన్' డొమైన్ మామూలుగా ఏడాదికి వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. మొదటి ఏడాది ఆఫర్ చూసి మోసపోకుండా, రెండో ఏడాది రెన్యువల్ ఎంతో ముందే అడగాలి.

మొదట ఒక్క పేజీ చాలు. ఏం పని చేస్తారు, ఏ ఏరియాల్లో చేస్తారు, రేటు ఎంత నుంచి మొదలు, చేసిన పనుల ఫోటోలు, కాల్ బటన్, వాట్సాప్ బటన్ ఉంటే సరిపోతుంది. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింటిలో పెట్టేవారు ఒక విషయం గమనించాలి. చాలామంది ఉర్దూను పోస్టర్ బొమ్మగా పెట్టేస్తారు. అలా పెడితే వెతికినప్పుడు దొరకడం కష్టం. టైపు చేసిన అక్షరాలుగానే పెట్టి, ఉర్దూ భాగాన్ని కుడి నుంచి ఎడమకు వచ్చేలా సెట్ చేయించాలి.

ఇంట్లో వండి అమ్మేవారు 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరును కనబడేలా పెట్టాలి. అది చట్టం అడిగేది, నమ్మకం పెంచేది కూడా.

తాళాలు ఎవరి చేతిలో?

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. మేనల్లుడి ఈమెయిల్‌తోనో, ఏజెంట్ ఈమెయిల్‌తోనో ఖాతాలు తెరుస్తారు. మేనల్లుడు దుబాయ్ వెళ్తాడు, ఏజెంట్ ఫోన్ ఎత్తడు. అప్పటికి వచ్చిన రివ్యూలు, ఫోటోలు, పేరు అన్నీ అక్కడే ఉండిపోతాయి.

అందుకే వ్యాపారం కోసం ఒక జీమెయిల్ తెరిచి, గూగుల్ ప్రొఫైల్, ఇన్‌స్టాగ్రామ్, డొమైన్ అన్నీ దానితోనే తీసుకోవాలి. సాయం చేసేవారిని గూగుల్ ప్రొఫైల్‌లో 'మేనేజర్'గా చేర్చవచ్చు, 'ఓనర్'గా మాత్రం మనమే ఉండాలి. డొమైన్ బిల్లు కూడా మన పేరు మీదే రావాలి. అన్నింటికీ టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయాలి. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. అడ్వాన్స్ పంపుతామంటూ యూపీఐ పిన్ కొట్టమంటే అది మోసం, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలి.

రివ్యూలు కొనొద్దు

బంధువులందరితో ఒకే రోజు ఐదు నక్షత్రాలు పెట్టించడం, డిస్కౌంట్ ఇచ్చి రివ్యూ రాయించుకోవడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. ఆన్‌లైన్ రివ్యూల నిజాయితీ కోసం మన దేశంలో 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం కూడా తెచ్చారు. పని అయిపోగానే కస్టమర్‌కు లింక్ పంపి "మీకు అనిపించింది రాయండి" అంటే చాలు. చెడ్డ రివ్యూ వస్తే వాదనకు దిగకుండా, ఏం సరిచేశారో రెండు ముక్కల్లో చెప్పాలి.

ముందు ఏది, తర్వాత ఏది?

మొదటి వారం వ్యాపార ఈమెయిల్, గూగుల్ ప్రొఫైల్, వాట్సాప్ బిజినెస్. పని ఫోటోలతో అమ్ముడుపోయేదైతే ఇన్‌స్టాగ్రామ్ కూడా. ఆపైన మూడు నెలలు ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ "మా గురించి ఎలా తెలిసింది?" అని అడిగి నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఎక్కువ మంది గూగుల్ అంటే అక్కడ ఫోటోలు పెంచాలి. తెలిసినవాళ్లు చెప్పారంటే విజిటింగ్ కార్డు మీద వాట్సాప్ క్యూఆర్ కోడ్ వేయించాలి. "మీ పాత పనుల వివరాలు ఎక్కడైనా చూడొచ్చా?" అని పెద్ద ఆర్డర్ల వాళ్లు అడగడం మొదలైతే వెబ్‌సైట్‌కు డబ్బు తీయాల్సిన టైమ్ వచ్చినట్టే. మంచి డొమైన్ పేరు దొరికితే మాత్రం అప్పటిదాకా ఆగకుండా సొంత పేరు మీద ముందే తీసి పెట్టుకోవచ్చు.