సూట్‌కేసు సర్దేముందు సిమ్ సంగతి చూడండి!

మా లంబసింగిలో డిసెంబరు వచ్చిందంటే తెల్లవారుజామున ముగ్గు వేద్దామన్నా వాకిలి కనిపించదు. అంత పొగమంచు. కొర్రబయలు అని మా ఊరికి ఇంకో పేరుంది. ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. ఆ మంచు చూడ్డానికి ఎక్కడెక్కడివాళ్లో కార్లు వేసుకుని వస్తుంటే, 2023 డిసెంబరులో నేను మాత్రం పెట్టే బేడా సర్దుకుని ఊరు విడిచి బయల్దేరాను. అమెరికాలో, డాలస్‌లో ఉన్న మా చెల్లెలికి రెండో కాన్పు. మొదటి కాన్పుకి అమ్మ వెళ్లింది. ఇప్పుడు అమ్మ లేదు. అక్కే అమ్మయి వెళ్లాలి కదా!

శొంఠి, వాము, కారప్పొడి, పసిబిడ్డకి మెత్తటి పాత చీరల గుడ్డలు... వీటిలో ఏది మరిచిపోయినా ఎలాగో సర్దుకోవచ్చు. ఫోను సంగతి మాత్రం ఇక్కడే తేల్చుకోవాలి. ఆ పాఠం నాకు అమ్మ ప్రయాణం నేర్పింది.

నాన్న పోయాక ఆయన సెల్‌ఫోను అమ్మ వాడుకునేది. 2018లో డాలస్ వెళ్తూ, "అక్కడ చెల్లి ఫోనుంటుంది కదా, నాదెందుకూ మోత" అని దాన్ని బీరువాలో పెట్టేసింది. మేమూ తలూపాం. ఆరు నెలల తర్వాత తిరిగొచ్చి ఛార్జింగ్ పెడితే ఫోను వెలిగింది కానీ సిగ్నల్ రాలేదు. నర్సీపట్నంలో ఒక దుకాణానికి తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు కంప్యూటర్లో చూసి, "సిమ్ సార్ పేరున ఉందమ్మా. ఓసారి ఆయన్ని తీసుకురండి" అన్నాడు.

అమ్మ ఏమీ అనలేదు. కొంగు భుజం మీదికి లాక్కుని బయటికి వచ్చేసింది.

పింఛను పడే బ్యాంకు ఖాతాకి ఆ నంబరే. గ్యాస్ బుకింగుకి ఆ నంబరే. ఆధార్‌కీ అదే. ఒక్కోచోటా దరఖాస్తు పెట్టి మార్పించేసరికి నెలలు పట్టింది. తోడుగా నేను ఘాట్ రోడ్డు ఎన్నిసార్లు దిగానో లెక్కలేదు. కొన్నాళ్లకి మనసాగక ఆ నంబరుకి చేస్తే ఎవరిదో మగగొంతు "హలో" అంది. చప్పున పెట్టేశాను. అమ్మకి చెప్తే, "బ్యాంకుదేముందే, ఎలాగో మార్చుకున్నాం. మీ నాన్న నంబరు పోయిందే" అని కళ్లు తుడుచుకుంది.

తర్వాత తెలుసుకున్న సంగతి నన్ను ఇంకా బాధపెట్టింది. ప్రీపెయిడ్ నంబరు వరసగా 90 రోజులు వాడకపోతే కంపెనీ దాన్ని తీసేయవచ్చు. అయితే ఖాతాలో 20 రూపాయలుంటే ఆ డబ్బు మినహాయించుకుని మరో 30 రోజులు నంబరు ఉంచాలని ట్రాయ్ 2013లోనే నిబంధన పెట్టింది. తీసేసిన నంబరుని కనీసం 90 రోజులు ఆగాక ఇంకొకరికి ఇచ్చేస్తారు. అంటే బీరువాలో పెట్టేముందు కాస్త డబ్బు వేసి ఉంటే సరిపోయేదన్నమాట! ఆ మాట మాకెవరికీ తట్టలేదు.

నా నంబరు నాదేనా?

అందుకే నా ప్రయాణం ఖాయమవగానే ముందు అడిగింది ఇదే. తీరా చూస్తే నా సిమ్ మావారి పేరున ఉంది! ఎప్పుడో కొన్నప్పుడు ఆయన కాగితాలు ఇచ్చారట. "మన ఇంట్లో నీదీ నాదీ ఏమిటోయ్" అని ఆయన నవ్వారు. అక్కడ ఫోను పోతే, బదులు సిమ్ ఇమ్మని అడిగే హక్కు నాకు ఉండదు కదండీ! కథలకి వచ్చే నా చిన్న పారితోషికాలు పడే ఖాతా ఆ నంబరుతోనే ముడిపడి ఉంది. ఇద్దరం ఆధార్ కార్డులు పట్టుకుని వెళ్లి నంబరు నా పేరుకి మార్పించాం. మన పేరున ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖ వారి 'సంచార్ సాథీ'లో ఇంటి నుంచే చూసుకోవచ్చు. మీ నంబరు ఎవరి పేరున ఉందో కంపెనీ కౌంటర్లో అడగండి.

రెండో పని రోమింగ్. ఏడాదికి రీచార్జి చేశాం కదా, విదేశంలోనూ మోగుతుందనుకుంటే పొరపాటే. మామూలు ప్లాన్ దేశం వరకే. విదేశీ రోమింగ్ మొదలుపెట్టమని బయల్దేరేముందే చెప్పాలి. అన్ని రోజులకీ రోమింగ్ ప్యాక్ కొంటే తడిసి మోపెడవుతుంది. నేను మన సిమ్‌ని ఓటీపీల కోసమే బతికించుకున్నాను. బయట దేశంలో ఉండగా వచ్చే మెసేజ్‌కీ, ఎత్తిన కాల్‌కీ ఎంత పడుతుందో మీ కంపెనీని అడిగి రాసుకోండి. ఆ సిమ్‌కి డేటా రోమింగ్ ఆపేసి ఉంచండి. తిరిగొచ్చే తేదీ దాటేదాకా ప్లాన్ గడువు ఉండేలా చూసుకోండి. బ్యాంకు యాప్ నమోదుకి మన సిమ్ నుంచే మెసేజ్ వెళ్లాలి కాబట్టి ఆ పనీ ఇక్కడే ముగించండి.

అక్కడ మాట్లాడుకోవడానికి మాత్రం అక్కడి ప్రీపెయిడ్ కనెక్షనే చవక. ఫోనులో రెండు సిమ్‌లకి చోటుండాలి. కార్డు అక్కర్లేని ఈ-సిమ్ పట్టే ఫోనైతే మరీ సుఖం. ఇంటర్‌నెట్ ఉన్నచోట చతురపు గుర్తును స్కాన్ చేస్తే చాలు. అమెరికాలో పెద్ద కంపెనీలు 2022లో 3జీ ఆపేశాయి. కాబట్టి 4జీలో మాట వినిపించే ఫోను కావాలి. పాత బటన్ ఫోను తీసుకెళ్తే చాలావరకు బొమ్మలా ఉండిపోతుంది. కొత్త సిమ్ వేశాక వాట్సాప్ నంబరు మార్చమంటారా అని అడిగితే వద్దనండి. పాత నంబరుతోనే నడుస్తుంది.

ఇవతలి కొస సంగతి

ఫోనుకి రెండు కొసలు ఉంటాయి కదా. మన్యంలో సిగ్నల్ ఇప్పుడు మెరుగే. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి 100 టవర్లు ప్రారంభిస్తే వాటిలో 85 మా అల్లూరి జిల్లావే. అయినా మావారు పనిచేసే బడి దగ్గర గుట్టెక్కితే తప్ప గీతలు రావు. మా అత్తగారిదేమో బటన్ ఫోను, వాట్సాప్ అంటే ఎరగరు. అందుకే డాలస్‌లో ప్లాన్ తీసుకునేటప్పుడు ఇండియాకి మామూలు కాల్స్ కలిసినదే ఇమ్మని అడిగాను. చలికాలంలో డాలస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. మావారు బడికి వెళ్లకముందు, ఇక్కడ ఉదయం ఏడు గంటలకి మాట్లాడుకోవాలని ఒప్పందం. అక్కడ ముందురోజు రాత్రి ఏడున్నర.

పాప పుట్టిన రోజు ఆ వేళకి ఆసుపత్రి వరండాలోంచి అత్తగారికి చేశాను. ఒక్క గంటకే ఎత్తారు, ఫోను ఒళ్లో పెట్టుకునే కూర్చున్నారట. "ఆడపిల్లండీ" అన్నాను. "మీ అమ్మే వచ్చిందే" అన్నారావిడ. ఆపైన ఇద్దరికీ మాట రాలేదు.

ఆరు నెలలకి తిరిగొచ్చేసరికి నా నంబరు చెక్కుచెదరలేదు. ఇల్లు మన పేరున ఉందా, పొలం మన పేరున ఉందా అని ఆడవాళ్లం ఇప్పుడిప్పుడే అడగడం నేర్చుకుంటున్నాం. అరచేతిలో ఉండే ఈ పది అంకెల సంగతి కూడా ఒకసారి అడిగి చూడండి. ప్రయాణం లేకపోయినా సరే, ఈరోజే!