మత్తుసూది పడనివారు

“నాకా మందు పడదు” అను మాట మన పల్లెలలో తరచుగా వినబడును. ఏ మందని యడిగినచో “మత్తుసూది” యందురు. ఏ మత్తుసూది యని మరల నడిగినచో మాట లేదు. రెండేండ్ల క్రిందట నేనును ఆ మౌనవ్రతులలో నొకడను.

మా చిన్నవాని పెండ్లికి మీసములకు నల్లరంగు వేసికొంటిని. ఈ వయసున నీ చాపల్యమేమని ఇంటివారు వలదనిరి, వినలేదు. ఆ దినమేమియు కాలేదు. రెండవనాటి సాయంకాలమునకు పైపెదవి వాచి, దురదతో నీటిపొక్కులు లేచినవి. కొన్ని మాసములకు పన్ను పోటెత్తగా చిగురునకు తిమ్మిరి గొలుపు లేపనము రాసితిని. మరల రెండవనాడే పెదవి వాచినది. తుదకు పన్ను తీయవలసి వచ్చినపుడు “నాకు మత్తు పడదు, సూది వలదు” అని వైద్యునితో చెప్పి చోడవరము తిరిగి వచ్చితిని. దవడలో చీము చేరి నాలుగు రాత్రులు కన్ను మూయలేదు.

మందు పడకపోవుట రెండు విధములు. మొదటిది నిమిషములలో దద్దుర్లతోను, ఊపిరాడమితోను వచ్చును. ప్రాణాపాయకరమే గాని మత్తుసూదులవలన మిక్కిలి అరుదు. సూది గ్రుచ్చగనే కండ్లు తిరుగుట, గుండెదడ పలుమారు భయమువలననో, మందులో కలిపిన అడ్రినలిన్ వలననో కలుగును, అది వేరు. రెండవది ఒకటి రెండు దినములు జాగుచేసి వచ్చును. రక్తమునందలి టి-కణములు మునుపొకసారి ఆ పదార్థమును గురుతుంచుకొని, మరల తగిలినపుడు ఆ చోట గుమికూడును. ఆ కూడుటకు కాలము పట్టును. అందుచేతనే మనము మందును మఱచి నిన్నటి వంకాయను నిందింతుము.

ఈ మందులకు రెండు గోత్రములు. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కంటిచికిత్సకు కొకెయిన్ వాడెను. అది ఎస్టర్ గోత్రము. ప్రొకెయిన్, టెట్రకెయిన్, నేను రాసికొన్న లేపనములోని బెంజొకెయిన్ దాని సగోత్రులు. 1943లో స్వీడను దేశమున నిల్స్ లోఫ్‌గ్రెన్ లిడొకెయిన్‌ను కూర్చెను. మన వైద్యులు లిగ్నొకెయిన్ అనునది యిదియే. ఇదియు ప్రిలొకెయిన్, బ్యుపివకెయిన్‌లును ఎమైడ్ గోత్రము. వ్యాకరణము చదివినవాడను గనుక నాకు నచ్చిన గురుతొకటి: ‘కెయిన్’ అను తుదిభాగమునకు ముందు ఇకారమున్నచో ఎమైడ్, లేనిచో ఎస్టర్.

ఒక ఎస్టర్ పడనివానికి తక్కిన ఎస్టర్లును పడకపోవచ్చును. మీసపు రంగులోని పారాఫెనిలిన్ డయమిన్ మత్తుమందు కాకున్నను నిర్మాణమున బెంజొకెయిన్‌కు దగ్గర; రంగు పడనివారిలో కొందఱికి అదియు పడదు. ఎమైడ్లకు వీనితో సాధారణముగా పొత్తు లేదు. అట్లని ఎమైడ్లలో నొకటి పడనివానికి రెండవది తప్పక పడునని చెప్పరాదు. దేనికది పరీక్షింపవలెను.

చీమునకు మందిచ్చి తగ్గించిన పిదప, చర్మవైద్యుడొకడు నా వీపున ఈ పదార్థముల పట్టీలంటించెను. వీపు తడుపరాదనెను, నిత్యస్నానము చేయువానికి ఇదియే పెద్ద కష్టము. 48 గంటలకు విప్పి చూచి, 96 గంటలకు మరల చూచెను. రంగు, బెంజొకెయిన్ ఉన్నచోట్ల ఎఱ్ఱని పొక్కులు. లిగ్నొకెయిన్ ఉన్నచోట ఏమియు లేదు. తరువాత లిగ్నొకెయిన్‌ను చర్మములోనికి రవంత ఎక్కించి, వెంటనే యొకసారి, రెండు దినములకు మఱియొకసారి చూచెను. అప్పటికప్పుడు చూచి పంపివేసినచో, జాగుగా వచ్చుదాని సంగతి తెలియదు.

ఆ లిగ్నొకెయిన్‌తోనే నా పన్ను తీసిరి. మూడునాళ్లు అద్దము ముందు పెదవి చూచుకొంటిని, వాపు లేదు. పడనివాని పేర్లు, పడినదాని పేరు వ్రాసిన చీటి యిప్పుడు నా కళ్లజోడు పెట్టెలో నున్నది. ఏ వైద్యునియొద్దకు పోయినను ముందది చూపుదును. మీసములు నాటినుండి తెల్లగనే యున్నవి.